సెలవుల ప్రయాణం: లెక్కలోకి ఎవరెవరు?

సెలవులు వస్తున్నాయంటే పిల్లలకు పండుగ, తండ్రులకు లెక్క, తల్లులకు పని. ఇది పల్లెలో ఉన్నవారికీ, గనుల ఊళ్ళలో ఉన్నవారికీ, పట్నవాసులకూ ఒక్కటే. మన తాతల కాలంలో సెలవుల ప్రయాణమంటే అమ్మమ్మ ఊరు. ఇంకా గట్టిగా అంటే తిరునాళ్ళు. అక్కడ ఒక రంగులరాట్నం, రెండు బుడగలు, ఒక పీచుమిఠాయి. ఇప్పటి పిల్లల కోరిక వేరు. బడిలో తోటి పిల్లలు చెప్పింది వింటారు, ఫోనులో బొమ్మలు చూస్తారు, "మనమూ పోదాం నాన్నా" అంటారు. వండర్‌లా అంటారు, రామోజీ ఫిల్మ్ సిటీ అంటారు. పిల్లలు కోరుకోవడం తప్పు కాదు. పెద్దలు భయపడటమూ తప్పు కాదు. ఈ రెండింటి మధ్య ఒక దారి వెతుక్కోవాలి.

మేము మణుగూరులో ఉంటాము. మా వారిది సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో షిఫ్టుల ఉద్యోగం. మా అమ్మాయి పదో తరగతి, అబ్బాయి రెండో తరగతి. మా అత్తమ్మకు డెబ్భై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఈ 2026 సంక్రాంతికి మేము హైదరాబాదు వెళ్ళివచ్చాము. సెలవుల రద్దీలో పిల్లలను పార్కుకు తీసుకువెళ్ళాలనుకొనే మనవంటి కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ ప్రయాణానికి మేము ఎలా సిద్ధపడ్డామో రాస్తున్నాను. ఇందులో టికెట్ల సంగతి కొంత ఉంది. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది.

ఏ సెలవుల్లో వెళ్ళాలి?

మా ముందు మూడు సెలవులున్నాయి. మొదటిది దసరా. సెలవులు ఎక్కువ, సింగరేణిలో లాభాల వాటా చేతికొచ్చే కాలం కూడా అదే. అయితే ఆ రోజుల్లో వానలు పూర్తిగా పోవు. పైగా చేతిలో డబ్బు పడినప్పుడే ప్రయాణం పెట్టుకుంటే ఖర్చుకు హద్దు ఉండదని మా వారి అభిప్రాయం. ఆ డబ్బులో కొంత తీసి పక్కన పెట్టారు, అంతే.

రెండవది క్రిస్మస్. తెలంగాణలో డిసెంబరు 26 కూడా ప్రభుత్వ సెలవు దినమే. కానీ ఆ వారంలో మన ఇళ్ళలో ఎవరికి తీరిక? ఇంటింటికీ పాటలు, సండేస్కూలు పిల్లల నాటిక, పండుగ ఆరాధన, ప్రేమవిందు, మళ్ళీ 31 రాత్రి కూడిక. మా అమ్మాయి నాటికలో ఉంది. దాన్ని మధ్యలో లాక్కుపోతే సంఘంలో పిల్లలందరి పని చెడుతుంది. కనుక అది కుదరదు.

మిగిలింది సంక్రాంతి. మనకు ఆ రోజుల్లో గుడి పనులు తక్కువ. బడులకు సుమారు వారం సెలవులు. కానీ అందరూ అన్నమాట ఒకటే: "సంక్రాంతికి ప్రయాణమా? కాలు పెట్టే చోటు ఉండదు."

ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. సంక్రాంతికి జనం ఎటు పోతారో ఆలోచించండి. పండుగకు ముందు నాలుగైదు రోజులు నగరం నుండి ఊళ్ళకు పోతారు. విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వద్ద కార్లు బారులు తీరేది అప్పుడే. కనుమ దాటాక అదే జనం ఊళ్ళనుండి నగరానికి తిరుగుతారు. మరి పల్లెవాళ్ళం మనం నగరానికి పోవాలంటే? వాళ్ళు వచ్చేటప్పుడు పోవాలి, వాళ్ళు పోకముందే తిరిగి రావాలి. భోగి 14న, సంక్రాంతి 15న. మేము 12 రాత్రి బయలుదేరి 15 రాత్రి తిరుగు రైలు ఎక్కితే రెండుసార్లూ జనానికి ఎదురు ప్రయాణమే. మణుగూరుతో రైలు పట్టాలు ఆగిపోతాయి కాబట్టి రైలు మా ఊళ్ళోనే మొదలు. రాత్రి భోజనాలు చేసి ఎక్కితే తెల్లవారేసరికి నగరం.

బస్సు సంగతి కూడా చూశాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. డబ్బు మిగిలేది. కానీ మా ఊరినుండి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైమాట. అత్తమ్మ మోకాళ్ళు అంతసేపు మడిచి కూర్చోలేవు. పైగా ఈ ఏడాది జనవరి 28 నుండి మేడారం జాతర. ముందే మొక్కులు చెల్లించుకొనేవారితో మా వైపు బస్సులు అప్పటికే నిండుతున్నాయి. అందుకని దూరానికి రైలు, నగరంలో తిరగడానికి సిటీ బస్సు అనుకున్నాము. నగరంలో మేము ముగ్గురు ఆడవాళ్ళం ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్‌తోనే తిరిగాము.

ఇక్కడ ఒక మాట. రైలు టికెట్లు పూర్వం 120 రోజుల ముందు ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుండి 60 రోజుల ముందే ఇస్తున్నారు. అంటే సంక్రాంతి ప్రయాణానికి నవంబరు రెండో వారంలో మేలుకోవాలి. తత్కాల్‌ను నమ్ముకొని పిల్లలకు మాట ఇవ్వకండి. ఐదేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. మా చిన్నవాడికి సగం టికెట్ తీసుకొని నా పక్కన పడుకోబెట్టుకున్నాను.

సెలవు ఒకరిది కాదు

గనిలో పనిచేసేవారి సెలవు వారి ఒక్కరి చేతిలో ఉండదు. మా వారికీ, వారితో పనిచేసే ఒక మిత్రుడికీ ఎన్నో ఏళ్ళుగా ఒక ఒప్పందం ఉంది. క్రిస్మస్‌కు ఆయన డ్యూటీ చూసుకుంటారు, సంక్రాంతికి మా వారు చూసుకుంటారు. కాగితం మీద రాసుకున్నది కాదు, ఒకరి పండుగను ఒకరు కాపాడటం. ఇప్పుడు మేమే సంక్రాంతికి పోతామంటే ఆ మాట ఏమవుతుంది? "పిల్లలతో వెళ్ళాలి" అన్నంత మాత్రాన సరిపోదు. మా వారు ముందుగా ఆ మిత్రుని ఇంటికే వెళ్ళారు, సెలవు చీటీ తరువాతే రాశారు.

ఆయన విని నవ్వారట. "మా అత్తగారింట్లో కనుమే అసలు పండుగ అన్నా. నువ్వు పదహారు నుండి నాకు దొరికితే చాలు, సంక్రాంతి నాడు నేనే డ్యూటీ చేస్తా" అన్నారట. అందుకే మా తిరుగు ప్రయాణం 15 రాత్రికి ఖాయమైంది. 16 ఉదయం దిగి, స్నానం చేసి, రెండో షిఫ్టుకు మా వారు గనిలో ఉన్నారు. మన సంతోషం కోసం మరొకరి పండుగ పాడు చేయనక్కరలేదు. ముందుగా అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఆరవ టికెట్

ఇక అసలు సంగతి. మా మరిదిగారు రెండేళ్ళ క్రితం జబ్బుచేసి ప్రభువునందు నిద్రించారు. మా తోడికోడలు, ఆమె ఒక్కగానొక్క కొడుకు పినపాక వైపు పల్లెలో ఉంటారు. అబ్బాయికి పన్నెండేళ్ళు. ఆదివారాలు, సెలవులు మా ఇంట్లోనే గడుపుతాడు.

మేము దాచిన డబ్బు 15,000. రైలు, పార్కు, భోజనం, చిల్లర ఖర్చులు అన్నీ అందులోనే. పార్కులో పెద్దవారి టికెట్ మనిషికి వెయ్యి రూపాయల పైనే. మా వారు, నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు కలిపి ఐదు టికెట్లు. లెక్క అంచుకు వచ్చి ఆగింది. ఆరవ టికెట్‌కు చోటు లేదు.

ఆ సాయంత్రం పిల్లాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా చిన్నవాడు ఊరుకోక "అన్నా, నువ్వు ఏ రాట్నం ఎక్కుతావు?" అన్నాడు. వాడు నా వైపు చూడకుండా, "నాకు అవంటే భయం. నేను రాను. నాకు కడుపులో తిప్పుతుంది" అన్నాడు. గోదావరి ఒడ్డున తాటిచెట్టు ఎక్కే పిల్లవాడు. వాడికి భయమేమిటి? మా అమ్మాయి రాత్రి నా పక్కన చేరి, "వాడు అబద్ధం చెబుతున్నాడమ్మా. నాన్న పుస్తకంలో లెక్క వాడు చూశాడు" అంది.

పేదరికంలో పెరిగిన పిల్లలకు ఈ విద్య త్వరగా వస్తుంది. తమకు దక్కదని తెలిసినదాన్ని తమకు ఇష్టం లేదని చెప్పడం నేర్చుకుంటారు. అది వినయమని మనం మురిసిపోతాం, వారి నోటితోనే "వద్దు" అనిపించుకొని తేలికపడతాం. ఏ ఇంట్లోనైనా ఒక పిల్లవాడు మరీ తొందరగా "నాకు వద్దు" అంటే, ఆ మాటను నమ్మేముందు ఒక్కసారి ఆగాలి.

మరునాడు కుటుంబ ప్రార్థన అయ్యాక అత్తమ్మే మాట ఎత్తారు. "ఒరే అబ్బాయ్, నా టికెట్ వాడికి పెట్టు" అన్నారు. మా వారు ఒప్పుకోలేదు. "నిన్ను ఇంట్లో కూర్చోబెట్టి మేము ఆడుకోవడమేమిటమ్మా?" అన్నారు. "నన్ను తీసుకుపోయి ఏ రాట్నం ఎక్కిస్తావురా? నీ చెప్పులూ సంచులూ కాపలా కాయడానికి అన్ని డబ్బులా? నాకు ఇంకేదైనా చూపించు, నడవగలిగింది చూపించు" అన్నారామె.

ఆ మాటలో ఎంత న్యాయముందో నాకు తరువాత తట్టింది. అమెరికాలో వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే బల్ల మీద కూర్చొని చూసేవాడట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు ఊరకే కూర్చోవలసిందేనా, అందరూ కలిసి సంతోషించే చోటు ఉండకూడదా అన్న ఆలోచన అతనికి అక్కడ కలిగిందట. దానినుండి పుట్టిందే డిస్నీలాండ్. అది 1955 జూలై 17న తెరిచిన రోజు దొంగ టికెట్లతో కూడా జనం వచ్చి కిక్కిరిసిపోయిందని చెబుతారు. మన దేశంలోనూ అటువంటివి వచ్చాయి. కేరళలోని కొచ్చిలో 2000లో మొదలైనవారే 2005లో బెంగళూరులో, 2016లో హైదరాబాదు రావిర్యాల వద్ద వండర్‌లా పెట్టారు. ఎంత గొప్ప పార్కయినా డెబ్భై ఏళ్ళ మోకాళ్ళకు అది ఇప్పటికీ బల్ల మీద కూర్చొనే చోటే. అత్తమ్మకు బల్ల వద్దు, ఆమెకూ ఒక పండుగ కావాలి.

రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి తలచాము. 1996 నుండి ఉన్న చోటు, లోపల బస్సుల్లో తిప్పి చూపిస్తారు, పెద్దవారికి తేలిక. కానీ రెండు చోట్లకూ టికెట్లు కొనే శక్తి మాకు లేదు. అప్పుడు నాకు నుమాయిష్ గుర్తుకొచ్చింది. హైదరాబాదులో 1938లో మొదలైన ఈ ప్రదర్శన నాంపల్లి మైదానంలో ఏటా జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు జరుగుతుంది. సంక్రాంతి ఆ రోజుల మధ్యలోనే వస్తుంది. లోపలికి టికెట్ తక్కువ. దేశం నలుమూలల నుండి వచ్చిన దుకాణాలు, పిల్లలకు రాట్నాలు, ఒక చిన్న రైలు. అలసిన చోట కూర్చోవచ్చు. ఒక రోజు నుమాయిష్, అది అత్తమ్మది. ఒక రోజు వండర్‌లా, అది పిల్లలది. అలా తీర్మానం అయింది.

బసకు ఖర్చు లేదు. ఎల్బీనగర్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అమ్మాయి పండుగకు అత్తగారి ఊరు వెళుతూ తాళం ఇచ్చి వెళ్ళింది. సంక్రాంతికి సగం నగరం ఖాళీ ఇళ్ళే. మన బంధువులలో అటువంటివారు ఉంటే అడగండి. వారికీ ఇల్లు చూసుకొనే మనిషి దొరికినట్టుంటుంది.

గోడ మీద గీత

పిల్లవాడికి ఈ సంగతి ఎలా చెప్పాలి? "నీకోసం నాయనమ్మ మానుకుంది" అంటే వాడు రానే రాడు. వచ్చినా ఆ మాట మోస్తూ తిరుగుతాడు. మా వారు ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చి వాడి చేతిలో పెట్టారు. "నాకు షిఫ్టులతో తీరిక లేదు. లెక్కల్లో మన ఇంట్లో నువ్వే గట్టివాడివి. ఈ ప్రయాణం లెక్క నువ్వు చూడాలి. లెక్క చూసేవాడు రాకపోతే ఎలా?" అన్నారు. వాడు పుస్తకం తీసుకొని ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు అని గీతలు కొట్టాడు. కడుపులో తిప్పే జబ్బు ఆ రోజుతో పోయింది.

పార్కులో టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. 140 లోపు పిల్లలకు తక్కువ టికెట్, ఆపైన పెద్దల టికెట్. అరవై దాటినవారికి కొంత తగ్గింపు. అందుకని ఒక సాయంత్రం పిల్లలను గోడకు నిలబెట్టి టేపుతో కొలిచాము. మా చిన్నవాడు 120 దగ్గర. వాడు ఇంకా పొడవు కావాలని మునివేళ్ళ మీద లేస్తున్నాడు, ఎందుకంటే కొన్ని రాట్నాలకు పొడవు చాలకపోతే ఎక్కనివ్వరు. తరువాత మరిదిగారి అబ్బాయి నిలబడ్డాడు. వాడు నెమ్మదిగా మోకాళ్ళు వంచాడు. తల కిందికి దించాడు.

మేము ముగ్గురం చూశాము. మా చిన్నవాడు నవ్వబోయాడు, మా అమ్మాయి వాడి నోరు మూసింది. పిల్లాడు నేల చూస్తూ, "నాయనమ్మ టికెట్ కంటే నా టికెట్ ఎక్కువవుతుంది పెద్దనాన్నా. లెక్క దాటిపోతుంది" అన్నాడు.

అంటే నాయనమ్మ సంగతి వాడికి ముందే తెలుసు. పుస్తకం వాడి చేతిలోనే ఉందిగదా.

మా వారు దగ్గరకు వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేశారు. "నిటారుగా నిలబడు నాన్నా. మీ నాన్న నాకంటే పొడవు. నువ్వూ అంతే అవుతావు. పొడవైనందుకు మనం బాధపడం. ఎంత ఉంటే అంత రాయి" అన్నారు. వాడు లేచి నిలబడ్డాడు. 142. పెన్సిలుతో గోడ మీద గీత గీశాము. అది ఇంకా ఉంది, నేను చెరపలేదు. పెరిగిన డబ్బు కోసం మా వారు ఒక ఖర్చు తీసేశారు. రద్దీ రోజుల్లో వరుసలో నిలబడకుండా వేరే దారిన పంపే టికెట్లు అమ్ముతారు. కొందామనుకున్నవారం మానుకున్నాము. వరుసలో మన తోటివారితోనే గదా నిలబడేది!

తోడికోడలిని కూడా పిలిచాము. "అక్కా, మిరప కోతలు మొదలయ్యాయి. ఈ మూడు నెలల కూలే నాకు ఏడాది. మీరు బాబును తీసుకెళ్ళండి, నాకు అదే చాలు" అంది. బయలుదేరే రోజు సకినాలు, అరిసెలు డబ్బాలో పెట్టి పంపింది. పిల్లవాడి చొక్కా జేబులో మడతపెట్టిన 500 నోటు కూడా ఉంది. తిరిగి ఇచ్చేద్దామని నా నోటి దాకా వచ్చింది. మా వారు తల అడ్డంగా ఊపి, "జమలో రాయి" అన్నారు. వాడు "అమ్మ: 500" అని రాశాడు. ఆ అక్షరాలు మిగతావాటికంటే కొంచెం పెద్దవిగా ఉన్నాయి. ఇచ్చే చేతిని ఆపకపోవడం కూడా ఒక మర్యాద అని ఆ రోజు అర్థమైంది.

ఆ మూడు రోజులు

13వ తేదీ ఉదయం దిగాము. రాత్రి ప్రయాణం చేసిన పిల్లలను తిన్నగా పార్కుకు తీసుకుపోకూడదని ముందే అనుకున్నాము. పగలు పడుకున్నారు. సాయంత్రం మెట్రోలో నాంపల్లి వెళ్ళాము. మెట్రో రైలే మా చిన్నవాడికి పెద్ద రాట్నం! నుమాయిష్‌లో అత్తమ్మ చిన్న రైలెక్కి, దిగి, మళ్ళీ ఎక్కుదామన్నారు. ఒక లక్నో చీర దుకాణంలో అరగంట బేరమాడి ఏమీ కొనకుండా బయటికి వచ్చి, "ఇదే నా వండర్‌లా" అన్నారు.

14న పార్కు. అత్తమ్మ ఇంట్లో ఉన్నారు, కింది వాటాలోని ఇంటావిడ తోడు. ఇక్కడ నాలుగు మాటలు మీకు పనికొస్తాయి. టికెట్లు ముందే ఫోనులో కొనుక్కుంటే వరుస తప్పుతుంది. పండుగ రోజుల్లో ధర ఎక్కువ, అది లెక్కలో పెట్టుకోండి. బయటి తినుబండారాలు లోనికి రానివ్వరు, కడుపునిండా తిని వెళ్ళండి. నీటి ఆటలకు నూలు బట్టలు, చీరలు పనికిరావు, నైలాను బట్టలే ఉండాలి. నిండుగా ఒళ్ళు కప్పేవి కూడా దొరుకుతాయి. మేము కొత్తగూడెంలోనే కొనుక్కున్నాము. జనవరి ఉదయాలు చలి కాబట్టి తెరవగానే పొడి ఆటలు, ఎండ ఎక్కాక నీటి ఆటలు, అలసిపోయాక మెల్లగా తిరిగేవి. బి.పి., గుండె జబ్బులున్నవారు, గర్భిణులు పెద్ద రాట్నాలకు దూరంగా ఉండాలి. అక్కడి బోర్డులు చదివి పాటించండి.

అన్నిటికంటే ముఖ్యం, జనంలో పిల్లలు. పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగి వస్తూ యోసేపు, మరియ పన్నెండేళ్ళ యేసు తమవారి గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినం ప్రయాణం చేశారు. మూడు దినాల తరువాతగాని దేవాలయంలో కనబడలేదు. అంత భక్తిగల తల్లిదండ్రులకే "ఎవరితోనో ఉండే ఉంటాడులే" అనిపించింది. పండుగ గుంపు అలాంటిది. మేము లోపలికి వెళ్ళగానే ఒక చోటు చూపించి, తప్పిపోతే ఎక్కడికీ తిరగకుండా ఇక్కడికే రావాలన్నాము. చిన్నవాడి చేతి మీద మా వారి ఫోను నంబరు పెన్నుతో రాశాము. గంటకొకసారి పేరు పెట్టి లెక్కపెట్టుకున్నాము.

పెద్ద రాట్నం దగ్గర వరుస చాలా పొడవుగా ఉంది. మా చిన్నవాడు గొణుగుతుంటే మరిదిగారి అబ్బాయి లెక్క మొదలుపెట్టాడు. విడతకు ఇరవైమంది, ఒక విడతకు నాలుగు నిమిషాలు. అంటే గంటకు 300 మంది. మన ముందు సుమారు 225 మంది. ముప్పావు గంట పడుతుంది అన్నాడు. దాదాపు అంతే పట్టింది. ఆ ముప్పావు గంటలో వాడు వాళ్ళ నాన్న గురించి మాట్లాడాడు. రెండేళ్ళలో మా దగ్గర వాడు నోరు విప్పడం అదే మొదటిసారి. ఊళ్ళో తిరునాళ్ళలో రాట్నం ఎక్కినప్పుడు నాన్న తనను గట్టిగా పట్టుకున్నాడని, నాన్నకే ఎక్కువ భయమేసిందని చెప్పి నవ్వాడు. మా వారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. రాట్నం మీద ఉన్నది రెండు నిమిషాలు. ఆ వరుస లేకపోతే ఆ మాటలు మాకు దక్కేవి కావు. వరుస తప్పించే టికెట్ కొననందుకు నేను దేవునికి స్తోత్రం చెల్లించాను.

15న టాంక్‌బండ్ మీద నడిచి బుద్ధుని విగ్రహం చూసి రాత్రి రైలెక్కాము. అనుకున్నట్టే పెట్టెలో సగం బెర్తులు ఖాళీ.

పాఠకులకు ఒక మాట

ప్రియమైన తల్లిదండ్రులారా, ఇటువంటి ప్రయాణం అందరూ చేయాలని నేను అనడం లేదు. అప్పు చేసి అసలే చేయకండి. చేయగలిగినవారు మాత్రం లెక్క వేసేటప్పుడు డబ్బుతో మొదలుపెట్టకండి. మొదటి పేజీలో మనుషుల పేర్లు రాయండి. నడవలేని పెద్దవారికి ఈ ప్రయాణంలో ఏముంది? మన సెలవు వలన ఎవరి సెలవు పోతుంది? మన బంధువుల్లో "నాకు వద్దు" అంటున్న పిల్లవాడు ఎవరైనా ఉన్నాడా? అవి రాసుకున్నాక రెండో పేజీలో డబ్బు రాయండి. అప్పుడు ఏ ఖర్చు ఉంచాలో, ఏది కొట్టివేయాలో దానంతటదే తెలుస్తుంది.

మా పుస్తకంలో చివరి పేజీలో "నిల్వ: 620" అని ఉంది. ఆ డబ్బు ఏం చేద్దామని మా వారు అడిగితే పిల్లవాడు వెంటనే జవాబు చెప్పాడు. మిరప కోతలు అయిపోయాక వాళ్ళ అమ్మను కిన్నెరసాని తీసుకుపోవాలట. అక్కడ జలాశయం ఉంది, జింకలున్నాయి, మా ఊరికి దగ్గర. అన్నం వండుకొని పోతే 620 సరిపోతుందని లెక్క వేసి చూపించాడు. ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేదు గనుక ఇంకా కొంత మిగులుతుందట. వేసవి సెలవులకు మా కుటుంబ ప్రయాణం అదే.